గోటి మీది పొలుసు

బొడ్డమ్మ చుట్ట తాగదు. ఈ మాట విని మీకు వింతగా అనిపించకపోతే, ఉద్దానం తీరం మీకు తెలియదన్నమాట. గుల్లపేటలో నడివయసు దాటిన ఆడవాళ్ళంతా అడ్డపొగ పీల్చేవాళ్ళే. వెలిగించిన కొసను నోట్లోకి తిప్పి పెట్టుకుని, నిప్పును లోపలే దాచుకుని, నెత్తిన చేపల గంపతో వజ్రపుకొత్తూరు దాకా కబుర్లాడుకుంటూ నడిచిపోగల ఘటికులు. వాళ్ళందరి మధ్యా బొడ్డమ్మ ఒక్కతే నోరు ఖాళీగా పెట్టుకుని నడిచేది. చిన్నప్పుడు ఆమె కూడా తాగిందే. కాపురానికి వచ్చాక అత్తగారు మాన్పించింది. బొడ్డమ్మకు నాలుకతో పని పడింది మరి.

నాలుకతో పని అంటే తగవులనుకునేరు. ఆ పనికి పేటలో మనుషుల కరువేమీ లేదు. బొడ్డమ్మ చేసేది కంట్లో నలుసు తీయడం.

సముద్రం ఒడ్డున బతికేవాళ్ళకి కంట్లో ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. గాలి లేస్తే ఇసుక, వల దులిపితే పొలుసు, పడవకు చిత్రిక పడితే చెక్కపేడు. ఏది పడినా బొడ్డమ్మ గుమ్మం ముందుకు రావాల్సిందే. వచ్చినవాళ్ళని పొద్దు మొహాన కూర్చోబెట్టేది. చెంబుడు నీళ్ళతో నోరు పుక్కిలించి ఉమ్మేది. ఎడమచేత్తో కనురెప్ప విప్పి పట్టుకుని, నాలుక కొసను కంటి మీద ఇలా ఆనించి అలా తీసేది. అంతే, నలుసు వచ్చేసేది. వచ్చినదాన్ని బొటనవేలి గోటి మీద పెట్టి చూపించందే ఎవరినీ లేవనిచ్చేది కాదు. "ఇదిగో, సూసుకో. సూసుకుంటేనే మనసు కుదుటపడతాది" అనేది. మనిషి తృప్తిగా చూసుకున్నాక, దాన్ని ఇసుకలోకి విదిల్చేసేది.

ఆ విద్య అత్తగారిది. అత్తగారు పెట్టిన షరతులు రెండు. చుట్ట ముట్టకూడదు, ఎందుకంటే నిప్పు తగిలిన నాలుక మొద్దుబారిపోతుంది. కంటి పనికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. బొడ్డమ్మ రెండూ తప్పలేదు. మొగుడు వేటకు వెళ్ళి తిరిగి రాని ఏడు, ఇంట్లో గంజికి కూడా గతిలేనప్పుడు, నలుసు తీయించుకున్న ఒక పడవ సారంగు బియ్యం మూట తెచ్చి గుమ్మంలో పెడితే, "నలుసు తీసినందుకైతే ఒద్దు బాబూ, పట్టుకెల్లిపో" అని పంపేసింది. ఆ తర్వాత గంప ఎత్తుకుని పలాస బజారులో ఎండుచేపలు అమ్మి, కూతురు చిన్నతల్లిని పెంచింది. పలాసలో జీడిపప్పు బట్టీల ఆడవాళ్ళు కూడా కంట్లో పొట్టు పడితే ఆమె గంప దగ్గరికే పరుగెత్తుకొచ్చేవారు. ఇన్నేళ్ళలో ఒక్క కంటికీ కీడు జరగలేదు. ఆ సంగతి తలుచుకుని లోలోపల కొంచెం మురిసిపోయేది కూడా. ఎవరికైనా ఆ మాత్రం గర్వం ఉండదా?

వయసు మీద పడ్డాక బొడ్డమ్మ కళ్ళకే శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకోమని అల్లుడు గున్నయ్య ఎంత పోరినా రేపంది, మాపంది. గోటి మీద పెట్టిన నలుసు ఆమెకు సరిగ్గా ఆనేది కాదు. అయినా ఫరవాలేదు, నాలుకకు తెలిసేది. ఇసుకరేణువైతే గరగర, పేడైతే గుచ్చుకోవడం, కవ్వచేప పొలుసైతే పల్చగా, గట్టిగా, జారిపోతూ. కళ్ళు పోయినా నాలుక ఉంటే చాలు తనకు అని నవ్వేది.

ఇక తనూజ సంగతి. తనూజ చిన్నతల్లి కూతురు, బొడ్డమ్మకు ఉన్న ఒక్కగానొక్క మనవరాలు. బడిలో ఉండగానే సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చాయి. పేటలో అందరూ అద్దాలగుంట అనేవారు. ఆ గుంటకేమో పోలీసు కానిస్టేబుల్ అవాలని పట్టుదల. తెల్లారకుండా ఒడ్డున తడి ఇసుక మీద పరుగెత్తేది, పగలు టెక్కలి లైబ్రరీలో కూర్చుని చదివేది. పరుగులో ఆమెను కొట్టేవాళ్ళు లేరు. కానీ ఆ ఉద్యోగానికి అద్దాలు లేకుండా చూపు ఆనాలి. అందుకని విశాఖపట్నం తీసుకెళ్ళి కళ్ళకు లేజర్ ఆపరేషన్ చేయించారు.

ఇంటికి వచ్చాక రెండు కళ్ళకూ ప్లాస్టిక్ డొప్పలు కట్టుకుని పడుకున్న మనవరాలిని చూసి బొడ్డమ్మ బుగ్గన వేలేసుకుంది.

"ఏటి సేసినారే లోపల?"

"కంటి మీద పల్చటి పొరొకటి లేపీసి, కింద లేజర్ కొట్టీసి, మళ్ళీ మూసీసినారమ్మమ్మా. కుట్లు గట్రా నేవు."

"కుట్లు నేకుండానే? సట్టి మీద మూకుడెట్టీసినాగ?"

"అదే అతుక్కుంటాదట. దెబ్బ మాత్రం తగల్నీకూడదన్నారు, ఎప్పటికీ."

కొన్నాళ్ళు కన్ను నలుపుకోవడానికి కూడా భయపడ్డారు. చిన్నతల్లి కూతురిని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత రోజులు గడిచిన కొద్దీ, చూపు అంత చక్కగా ఉండేసరికి, డాక్టరు చెప్పిన ఆ ఆఖరి మాట అందరి చెవుల్లోంచీ జారిపోయింది. మూడేళ్ళు తిరిగాయి. కానిస్టేబుల్ ఫలితాల్లో తనూజ పేరు వచ్చింది. ఇక మిగిలింది డాక్టరు పరీక్షా, శిక్షణకు పిలుపూ. గున్నయ్య పేటంతా పంచదార పంచాడు. బొడ్డమ్మ పలాస బజారులో బేరం చేసే ప్రతి మనిషికీ, "మా గుంట పోలీసైపోనాది" అని చెప్పి మరీ చేపలు తూచింది.

ఆ రోజు పొద్దున్న పడవలు కవ్వలతో వచ్చాయి. కవ్వలు పడితే పేటలో ఇంట్లో ఉండేవాళ్ళెవరు? వలలో ఇరుక్కున్న చేపలు రాలాలంటే నలుగురు తలో కొసా పట్టుకుని ఎత్తి దులపాలి. దులిపినప్పుడల్లా పొలుసులు రేగి ఒళ్ళంతా, జుట్టంతా అంటుకుంటాయి. తనూజ తండ్రి పక్కన నిలబడి దులుపుతోంది. పాతరోజుల్లో అయితే ఆ సోడాబుడ్డి అద్దాలు మొహానికి అడ్డుండేవి. గున్నయ్య గట్టిగా ఎగరేసిన విసురులో వల అంచు తాడు వచ్చి ఆమె కుడికంటికి ఛెళ్ళున తగిలింది.

కన్ను అరచేత్తో మూసుకుని, నీళ్ళు కారుతుండగా, తిన్నగా అమ్మమ్మ గుమ్మం ముందుకు వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆ పేటలో కంటికి ఏమైనా అయితే అందరూ నడిచే దారి అదే.

"అమ్మమ్మా, కంట్లో ఏటో అడ్డం పడిపోనాది. తెరవనేకపోతన్నాను."

"ఏటోనేటే, కవ్వ పొలుసే అయ్యుంటాది. కూసో."

"తాడు కూడా తగిలినాది. లేజర్ సేసిన కన్ను కదా, టెక్కలి ఎల్లి సూపించుకోమంటావేటి?"

బొడ్డమ్మకు నవ్వొచ్చింది. "ఓలమ్మ, మూడేళ్ళ కిందటి మాట ఇప్పుడెందుకే? నా ఇంట్లో పుట్టి నలుసుకి టెక్కలి ఎల్తావా? పేటంతా నవ్వుతాది. కదలకుండా కూసో."

తనూజ కూర్చుంది. బొడ్డమ్మ నోరు పుక్కిలించింది, రెప్ప విప్పింది, నాలుక ఆనించింది. ఏదో తగిలింది. ఒక అంచు లేచి మడతపడి ఉంది, ఇంకో అంచు ఎక్కడో కాస్త పట్టుకుని ఉంది. ఎన్నడూ ఆగనిది, ఆ పూట బొడ్డమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత అలవాటైన చిన్న విసురుతో లాగేసింది. తనూజ కెవ్వుమంది.

"అయిపోనాది, అయిపోనాది. ఇదిగో, సూసుకో."

గోటి మీద గుండ్రంగా, పల్చగా, ఎండకు మెరుస్తూ ఉంది. ఎడమకంటితో తనూజ చూసింది. గుమ్మంలోకి వచ్చిన చిన్నతల్లీ చూసింది. చుట్టూ ఇసుకనిండా, వాళ్ళ చేతులనిండా, జుట్టునిండా అలాంటివే మెరుస్తుంటే అది ఇంకోటని ఎవరికి తోస్తుంది? బొడ్డమ్మ వేలు విదిల్చేసింది.

సాయంత్రానికి కన్ను వాచిపోయింది. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుగా ఉందని తనూజ గోడవైపు తిరిగి పడుకుంది. కుడికంట్లో అంతా మసక. మర్నాడు పొద్దున్నే గున్నయ్య ఆటో మాట్లాడాడు. నేనూ వస్తానని బొడ్డమ్మ కూడా ఎక్కింది.

టెక్కలిలో కంటి డాక్టరు ఉషారాణి తనూజ కంట్లో పసుపు రంగు చుక్క వేసి, నీలం దీపం పెట్టి చాలాసేపు చూసింది. "లేజర్ చేయించుకున్నావా అమ్మా?" అని అడిగింది. తనూజ అవునంది. డాక్టరమ్మ మళ్ళీ చూసింది.

"లేజర్ అప్పుడు లేపి మూసిన పొర కనిపించడం లేదు. దెబ్బ తగిలాక కంట్లోంచి ఏమైనా ఊడి వచ్చిందా? పల్చగా, అద్దం ముక్కలా?"

తలుపు దగ్గర నిలబడిన బొడ్డమ్మ చప్పున ముందుకొచ్చింది. పెద్ద డాక్టరమ్మ అడిగినదానికి తను జవాబు చెప్పగలుగుతున్నందుకు, ఏం చెప్పాలి, ఆమె మొహం వెలిగింది కూడా.

"వచ్చినాది తల్లీ, నేనే తీసినాను. కవ్వ పొలుసు. గోటి మీదెట్టి సూపించినాను."

డాక్టరమ్మ దీపం ఆపేసి, "దేంతో తీశావమ్మా?" అని మెల్లగా అడిగింది. బొడ్డమ్మ చెప్పింది. చెబుతూ చెబుతూనే ఆమె గొంతు సన్నగిల్లిపోయింది. మనవరాలి మొహం చూసింది, అల్లుడి మొహం చూసింది, తెలిసిపోయింది.

"డాక్టరుగారూ, మా అమ్మమ్మ తప్పేం లేదండి. తాడు తగిలినప్పుడే ఊడిపోయుంటుంది" అంది తనూజ, కన్ను మూసుకునే, చేత్తో అమ్మమ్మ చెయ్యి వెతుక్కుంటూ.

"దెబ్బకే ఊడింది, అందులో అనుమానం లేదు. ఒక కొస వేలాడుతూ ఉండి ఉంటుంది. ముట్టుకోకుండా అలాగే ఇక్కడికి వచ్చి ఉంటే తిరిగి పరిచేవాళ్ళం. పూర్తిగా ఊడినా, వెంటనే తడిగా పట్టుకొస్తే విశాఖలో ప్రయత్నం చేసేవాళ్ళు."

"ఇప్పుడు తెస్తే?" అంది బొడ్డమ్మ.

"ఇప్పుడు లాభం లేదమ్మా."

ఆ మాట బొడ్డమ్మ చెవికెక్కలేదు. తండ్రీ కూతుళ్ళు అటునుంచి అటే విశాఖ బస్సెక్కారు. బొడ్డమ్మ పేటకు తిరిగొచ్చి, గంప కూడా ఎత్తకుండా, గుమ్మం ముందు ఇసుకలో చతికిలబడింది. వేలు ఎటు విదిల్చిందో గుర్తు చేసుకుని, ఆ చోటునుంచి మొదలుపెట్టింది. గుప్పెడు ఇసుక తీయడం, ఊదడం, మెరిసిందల్లా ఏరడం. మెరవనిదేముంది అక్కడ? కవ్వలు దులిపిన మర్నాడు పేటంతా పొలుసే. ఒక్కోటీ కళ్ళ దగ్గర పెట్టుకుంటే శుక్లాల కళ్ళకు అన్నీ ఒక్కలాగే కనిపించాయి.

ఫోనులో సంగతి విన్న చిన్నతల్లి లోపల్నించి వచ్చింది. తల్లి ఏం చేస్తోందో చూసింది.

"ఆపుతావా నేదా? ఏటేరుతున్నావక్కడ? నీ నాలిక పడిపోను! నా గుంట కన్ను తినీసినావు కదే!"

అనేసి, అన్న నోటినే చేత్తో మూసుకుని, తల్లి పక్కనే కూలబడి భోరుమంది. బొడ్డమ్మ ఏడవలేదు. ఇసుక ఊదుతూనే ఉంది.

విశాఖలో పొర పోయిన చోట పుండు పడిందన్నారు. గంటగంటకూ చుక్కలు, సూదులు. వారాల తరబడి ఆసుపత్రి మంచం. పుండు మానింది గానీ, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ నిలిచిపోయింది. ఆ కంటితో వెలుతురుకూ చీకటికీ తేడా తెలుస్తుంది, ఎదుట చెయ్యి ఊపితే తెలుస్తుంది, అంతవరకే. కంటికి కట్టు ఉండగానే డాక్టరు పరీక్షకు పిలుపు వచ్చింది. గున్నయ్య కాగితాలు పట్టుకుని వెళ్ళి, ఇంకొంచెం గడువివ్వమని అడిగి చూశాడు. ఒక్క కంటితో పోలీసు ఉద్యోగం ఇవ్వరు. తనూజ తరవాత ఉన్న ఎవరో అమ్మాయికి ఆ చోటు వెళ్ళిపోయింది. ఏళ్ళకేళ్ళు తడి ఇసుక మీద పరుగెత్తిన పరుగంతా ఏమైపోయినట్టు?

చనిపోయినవాళ్ళు దానం చేసిన కన్ను దొరికితే నల్లగుడ్డు మార్చి చూద్దామని డాక్టర్లు అన్నారు. చాలామంది ఎదురుచూస్తున్నారట. ఆ సంగతి విన్న బొడ్డమ్మ అల్లుణ్ణి పక్కకు పిలిచింది.

"నాది తీసి ఎట్టీమని సెప్పు గున్నయ్యా. నాకెందుకింక?"

"బతికున్నోల్ది తీయరత్తా."

"అయితే నేనెప్పుడు సత్తే అప్పుడు తీసుకోమను."

గున్నయ్య మొహం తిప్పుకున్నాడు. వలను ఎగరేసిన చేతులు ఆయనవే. ఆ నాటినుంచి ఆయన కూడా సరిగ్గా నిద్రపోయింది లేదు. కానీ పేటలో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. వల దులిపితే తాడు ఎగరడం మామూలే కదా. అన్న మాటలన్నీ బొడ్డమ్మకే వచ్చాయి. ఆమె కూడా అవి తన సొంతమేనన్నట్టు తల వంచుకుని పుచ్చుకుంది.

అయినా అలవాటు పడిన కాళ్ళు ఆగవు. గాలి లేచిన రోజున పక్కింటి ఉషయ్య భార్య కన్ను మూసుకుని గుమ్మం ముందుకు వచ్చింది. బొడ్డమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నీళ్ళు కొట్టుకో. తగ్గకపోతే టెక్కలి పో. నా కాడికి రాకు తల్లీ, రాకు" అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు పలాస నుంచి వస్తూ చుట్టల కట్ట కొనుక్కొచ్చింది. వెలిగించి, కొస లోపలికి తిప్పి పెట్టుకుంది. అలవాటు తప్పిన నోరు కాలిపోయింది, కళ్ళ నీళ్ళు తిరిగాయి, దగ్గు తెర ముంచుకొచ్చింది. అయినా తీయలేదు. నాలుక మొద్దుబారేదాకా తాగుతూనే ఉంది. ఆ రోజునుంచి బొడ్డమ్మ కూడా పేటలో అందరి ఆడవాళ్ళలాంటిదే అయిపోయింది.

చలిగాలి మొదలైన రోజుల్లో తనూజ ఇంటికి వచ్చింది. నల్లద్దాలు పెట్టుకుంది. ఆటో దిగి, పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూనే జవాబు చెప్పింది. టెక్కలిలో కంప్యూటరు పనేదో చూసుకుంటానంది. అమ్మమ్మ ఏదని అడిగితే చిన్నతల్లి పెరటివైపు చూపించింది.

బొడ్డమ్మ గోడ నీడన కూర్చుని ఉంది. ఒళ్ళో కొబ్బరిచిప్ప. తనూజ వచ్చి పక్కన కూర్చున్నా తల ఎత్తలేదు. మనవరాలి మొహం చూడటానికి ఆమెకు ధైర్యం చాలడం లేదు. చిప్పను మాత్రం మనవరాలి ఒళ్ళోకి జరిపింది.

చిప్పనిండా పొలుసులు. కడిగి, ఆరబెట్టి, ఇసుక రేణువు లేకుండా ఊది పెట్టినవి.

"ఇందల ఎక్కడో నీది ఉంటాదే. నా కళ్ళకి ఆనటం నేదు. నువ్వు సూసుకో."

డాక్టరు చెప్పిందంతా మళ్ళీ చెబుదామనుకుంది తనూజ, దొరికినా లాభం లేదని, ఎప్పుడో ఎండిపోయి ఉంటుందని. అమ్మమ్మ వేళ్ళు చూసింది. ఇసుక గీరి గీరి గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. నల్లద్దాలు తీసేసింది. మంచి కంటితో చిప్పలోకి చూసి, ఒక పొలుసు ఏరి, ఎండకు పట్టి చూసింది.

"ఇదే అమ్మమ్మా. దొరికింది. ఇంక ఎతక్కు."

బొడ్డమ్మ చెయ్యి చాచింది. తనూజ ఆ పొలుసును ఆమె బొటనవేలి గోటి మీద పెట్టింది. బొడ్డమ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. వేలు నోటి దగ్గరికి తెచ్చుకుని, కాలిన నాలుక కొసను దానికి ఆనించింది. కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది.

"కాదమ్మా. ఇది కవ్వ పొలుసే, గట్టిగున్నాది." పొలుసును తిరిగి చిప్పలో వేసేసింది. "నీది మెత్తగుండీది తల్లీ. అప్పుడే తెలిసినాది నాకు."